బీఓడీ లెక్కలు భీమవరానికి అర్థం కావా?

భీమవరంలో ఆక్వా ల్యాబుల బోర్డులు మందుల షాపులతో పోటీ పడుతుంటాయి. చెరువు నీళ్లు సీసాలో పట్టుకుని బండి మీద వచ్చిన రైతు కాసేపు బెంచీ మీద కూర్చుంటాడు. రిపోర్టు చేతికి రాగానే పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ అంకెలు అక్కడే చదివేసుకుంటాడు. డీఓ, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, తెల్లవారుజామున ఎందుకు పడిపోతుందో, ఎంతకు దిగితే నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు వేయాలో చెరువు కాపలా కుర్రాడు కూడా చెబుతాడు. అదే మనిషిని ఊరి పక్కన పారే యనమదుర్రు డ్రెయిన్‌లో డీఓ ఎంతుందని అడగండి. తెలియదంటాడు. ఎక్కడ అడిగితే చెబుతారో కూడా తెలియదంటాడు.

రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలితో నా పేచీ ఇక్కడే. మండలి అసలు పనే చేయడం లేదని నేను అనను. నదుల్లో నమూనాలు తీస్తుంది, ఫ్యాక్టరీలకు కన్సెంట్లు, అంటే వాడిన నీళ్లు షరతులతో బయటికి వదులుకునే అనుమతులు, ఇస్తుంది, నోటీసులు పంపుతుంది. నీటి కాలుష్యాన్ని అరికట్టే నీటి చట్టానికి 1988లో వచ్చిన సవరణతో కరెంటు తీయించి మూయించే అధికారం కూడా దాని చేతిలో ఉంది. కానీ జనానికి అది కనిపించేది రెండు సందర్భాల్లోనే. వినాయక చవితి మట్టి విగ్రహాలు, జూన్ 5 ర్యాలీలు ఒకటి. పెద్ద పరిశ్రమ వచ్చే ముందు షామియానా వేసి పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ రెండోది. మట్టి విగ్రహాల ప్రచారం మంచిదే. కాకపోతే చవితి ఏడాదికోసారి, మురుగు రోజూ.

ప్రజాభిప్రాయ సేకరణకైనా హద్దులున్నాయి. పర్యావరణ అనుమతుల మీద 2006లో వచ్చిన కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి, కలెక్టరు గానీ ఆయన తరఫు అధికారి గానీ సభ నడపాలి, వీడియో తీయాలి, జనం చెప్పింది రాసుకుని చివర్లో వాళ్ల భాషలో చదివి వినిపించాలి. కాగితం మీద చక్కటి పద్ధతి. అయితే ఇది ఆ నోటిఫికేషన్ షెడ్యూల్లో ఉన్న పరిశ్రమలకే. చేపల, రొయ్యల ప్రాసెసింగ్ ఆ షెడ్యూల్లో లేదు. అంటే డెల్టాలో జనం ఎక్కువగా భయపడే పరిశ్రమకే జనాన్ని అడగాల్సిన పని లేదు. దరఖాస్తుదారు, మండలి, మధ్యలో కన్సెంట్ కాగితం, అంతే.

తుందుర్రు గొడవని ఈ వెలుగులో చూడాలి. భీమవరం పక్కన ఆక్వా ఫుడ్ పార్కు కడుతున్నారని తెలిసి తుందుర్రు, జొన్నలగరువు, కె.బేతపూడి జనం రోడ్డెక్కారు. వాళ్లు అడిగిందల్లా ఒక్కటే: ఈ పార్కు వదిలే నీళ్లు గొంతేరు డ్రెయిన్‌లో కలిస్తే మా సంగతేంటి? జవాబుగా 144 సెక్షన్ వచ్చింది, పోలీసు పికెట్లు వచ్చాయి, కేసులు వచ్చాయి. చివరికి సముద్రం దాకా పైప్‌లైన్ వేస్తామని ప్రభుత్వమే అంది. మొదటిరోజే ఊళ్లో కూర్చుని మాట్లాడాల్సిన విషయం అది. 2017 మార్చిలో మొగల్తూరులో ఒక రొయ్యల ప్లాంటు ట్యాంకులో దిగి ఐదుగురు కార్మికులు చనిపోయాక ఆ ఊళ్ల భయాన్ని వట్టి అనుమానమని కొట్టిపారేయడం ఎవరివల్లా కాలేదు.

ఇక అసలు లెక్కకి వద్దాం. నీళ్లలోని కుళ్లుని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే అంకె బీఓడీ. స్నానానికి పనికొచ్చే నదిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్యాక్టరీ గొట్టం నుంచి కాలువలోకో నదిలోకో వదిలే నీళ్లకి మాత్రం సాధారణ ప్రమాణం 30. పదింతలు తేడా. కింద పారే నీళ్లు దాన్ని పలచన చేస్తాయన్న నమ్మకం మీద నడిచే లెక్క ఇది. గోదావరి నిండుగా ఉన్న ఆగస్టులో నమ్మకం నిజమే కావచ్చు. ఏప్రిల్ మధ్యకి వచ్చేసరికి ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తారు. పొలాల నుంచి దిగే నీళ్లు కూడా ఆగిపోయాక డ్రెయిన్‌లో మిగిలేది ఏంటి? ఊళ్ల మురుగు, మిల్లుల నీళ్లు, ప్లాంట్ల నీళ్లు. అప్పుడు 30 ఉన్న నీళ్లు 30 ఉన్న నీళ్లలోనే కలుస్తాయి. ప్రతి ఫ్యాక్టరీ రూలు పాటించినా డ్రెయిన్ కంపు కొట్టడంలో వింతేమీ లేదు. ఫిర్యాదు చేసినవాడికి ‘పరిమితుల్లోనే ఉంది’ అని వచ్చే జవాబు అబద్ధం కాకపోవచ్చు కూడా.

ఈ చిక్కుని 1974 నీటి చట్టం రాసినవాళ్లు ముందే ఊహించారు. ఏ ప్రవాహంలోకి వదులుతున్నారో ఆ ప్రవాహంలో ఎండాకాలం పలచన చేయడానికి కనీసం ఎన్ని నీళ్లుంటాయో చూసుకుని, దానికి తగ్గట్టు ప్రమాణం పెట్టమని 17వ సెక్షన్ రాష్ట్ర మండలికే చెప్పింది. ‘ప్రవాహం’ అన్నమాటలో మనుషులు తవ్విన కాలువలు కూడా వస్తాయి. యనమదుర్రుకి, గొంతేరుకి వాటి ఎండాకాలం లెక్కతో గట్టి ప్రమాణం పెట్టడానికి ఢిల్లీ అనుమతి కోసం చూడనక్కర్లేదు.

నమూనా తీసే పద్ధతి కూడా తెలిస్తే జనం కోపం ఎక్కడ చిక్కుకుంటుందో అర్థమవుతుంది. మండలి అధికారి యజమానికి అక్కడే నోటీసు ఇవ్వాలి. అతను అడిగితే నమూనాని రెండు భాగాలు చేయాలి, సీలు వేయాలి, సంతకాలు తీసుకోవాలి. ఈ తంతు తప్పితే ఆ ఫలితం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. బీఓడీ తేలడానికి 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు పడుతుంది. రాత్రి రెండింటికి నల్లటి నీళ్లు వచ్చాయని ఊరివాళ్లు సీసాలో పట్టి ఉంచినా అది కోర్టుకి పనికిరాదు. ఏలూరు నుంచో కాకినాడ నుంచో అధికారి బయల్దేరి వచ్చేలోపు ఆ నీళ్లు సముద్రంలో కలిసే ఉప్పుటేరు దాటేస్తాయి. ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమలకి ఆన్‌లైన్ మీటర్లు పెట్టమని కేంద్ర మండలి 2014లో ఆదేశించింది. అవి చూసేది గొట్టం చివర. డ్రెయిన్‌కి మీటరు ఎవరు పెడతారు?

తప్పంతా ఫ్యాక్టరీల మీదికి నెట్టేసి మనం తప్పుకోవడం కుదరదు. రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు, అడుగు బురద ఎక్కడికి పోతున్నాయో గట్టు మీదున్న అందరికీ తెలుసు. పైన సీసా పట్టుకుని ల్యాబుకి వచ్చిన రైతే ఆ తూము ఎత్తేది. తీరంలోని రొయ్యల చెరువులకి శుద్ధి ఏర్పాటు ఉండాలన్న రూలు ఉంది. కానీ మన చెరువుల్లో ఎక్కువ భాగం చిన్నవి. ఇక పట్టణాలు సరేసరి. కేంద్ర మండలి 2018లో దేశం మొత్తం మీద 351 కలుషిత నదీ భాగాలు లెక్కగడితే, రాష్ట్రం వాటా ఐదింటిలో గోదావరిలో రాయనపేట నుంచి రాజమండ్రి దాకా ఉన్న భాగం ఒకటి. రాజమండ్రి మురుగు మోసుకొచ్చే నల్లా ఛానల్ గోదావరిలో కలుస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దానికి దిగువన, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు మొదలయ్యేది ఆ బ్యారేజీ దగ్గర. మున్సిపాలిటీ కూడా మండలికి జవాబు చెప్పాల్సిందే. కానీ ఒక సర్కారీ ఆఫీసు ఇంకో సర్కారీ ఆఫీసు గొంతు ఎంత గట్టిగా పట్టుకుంటుందో మనకి కొత్తగా చెప్పాలా?

అందుకే మధ్యలో జనం ఉండాలంటున్నాను. కాలువలు కట్టేముందు ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుతారు. శివారు గ్రామాలు జూన్ దాకా ఆ నీళ్లతోనే నెట్టుకురావాలి. (స్తోమత ఉన్నవాళ్లు వాటర్ టిన్నులు కొనుక్కుంటారు, గోదావరి పక్కనే ఉండి.) నింపుడు మొదలయ్యే ముందు మండలి, గ్రామీణ నీటి సరఫరా శాఖ కలిసి ప్రతి లాకు దగ్గర నమూనా తీసి, నాలుగే నాలుగు అంకెలు తెలుగులో బోర్డు మీద రాసిపెట్టాలి: డీఓ, బీఓడీ, కోలిఫాం (మురుగు కలిసిందని చెప్పే బ్యాక్టీరియా), ఉప్పదనం. బాగోలేకపోతే ఆ వంతు నీళ్లు చెరువులోకి ఎక్కించకుండా కాలువ చూసుకునే లస్కరు తూము దించేస్తాడు. బీఓడీ, కోలిఫాం తేలడానికి పట్టే రోజులు చూసుకుని వారం ముందే మొదలుపెడితే సరిపోతుంది.

జనం కంగారు పడతారని అధికారులు అంటారు, తెలుసు. సాంకేతిక అంకెలు సామాన్యులకి ఎక్కవని కూడా అంటారు. ఆ మాట ఇంకెక్కడైనా చెల్లుతుందేమో, వనామి రొయ్యలు పెంచే ఊళ్లలో చెల్లదు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి కిట్లిచ్చి నీళ్లు పరీక్షించడం నేర్పమన్నదీ ప్రభుత్వమే. వాళ్ల కిట్టు కుళాయి దగ్గర ఆగిపోతోంది. డ్రెయిన్ రంగు మారిన రోజు వాళ్లు చూసిన అంకెని మండలి మొదటి హెచ్చరికగా తీసుకుని తన మనిషిని పంపితే చాలు. చట్టప్రకారం నమూనా తర్వాత ఆయనే తీసుకుంటాడు.

అప్పటిదాకా ఊళ్లు ఊరికే కూర్చోనక్కర్లేదు. కన్సెంట్‌లో పెట్టిన షరతులన్నీ ఒక రిజిస్టరులో రాసి ఉంచాలని, ఆ గొట్టం వల్ల నష్టపోయేవాళ్లు ఎవరైనా ఆఫీసు వేళల్లో వచ్చి చూసుకోవచ్చని నీటి చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. 49వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, 60 రోజుల నోటీసు ఇచ్చి మామూలు మనిషి కూడా నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయొచ్చంది. అప్పుడు అడిగితే తన దగ్గరున్న రిపోర్టులు మండలి ఇవ్వాలి, ప్రజాప్రయోజనానికి విరుద్ధమనుకుంటే తప్ప. ఒక నీటి సంఘం అధ్యక్షుడు లెటర్‌హెడ్ మీద ‘మా డ్రెయిన్‌లోకి నీళ్లు వదిలే ఫ్యాక్టరీల షరతులు చూడాలి, ఫలానా రోజు నలుగురం వస్తున్నాం’ అని ప్రాంతీయ కార్యాలయానికి రాసి, రసీదు తీసుకోవాలి. రిజిస్టరు చూపిస్తే ఊరికి లెక్క దొరుకుతుంది. చూపించకపోతే ఆ రసీదు కాపీతోనే పై అధికారిని అడగొచ్చు.