ముక్కు గారూ, మా ఊరెప్పుడొస్తారండి?

ఏవండోయ్ ఫ్లోరోసెంట్ నానో సెన్సార్ అరే గారూ,

ఏ రసాయనం తగిలిందో వెలుగులో మార్పుతో చెప్పే నానో చుక్కల వరస కదా మీరు, ఇంగ్లీషులో వరసని అరే (array) అంటారని పేరులోనే అరే పెట్టుకున్నారు గానీ, గోదావరోళ్ళం మేము అండి లేకుండా ఎవర్నీ పిలవలేం కాబట్టి, పేపర్లు రాసేవాళ్ళు ముద్దుగా పిలిచే రసాయన ముక్కు అన్న పేరే ఖాయం చేసుకుంటున్నా, ఏవనుకోకండి. అమలాపురం పక్కన చెరువు గట్ల మీద పెరిగి, కెమిస్ట్రీ చదివి, ఓ ల్యాబులో మూడేళ్ళు మీకు ఊడిగం చేసి వచ్చినోణ్ణి నేను.

మీది చిన్న వంశమేం కాదు లెండి. మీ క్వాంటమ్ డాట్ పెదనాన్నల్ని, అంటే వెలుగు చిమ్మే నానో నలుసుల్ని, కనిపెట్టి, తయారుచెయ్యడం నేర్పినందుకు బవెండి, బ్రూస్, ఎకిమోవ్ అని ముగ్గురికి 2023లో నోబెల్ ఇచ్చారు. అదే సరుకు, నలుసు చిన్నదైతే నీలంగా, కాస్త పెద్దదైతే ఎర్రగా వెలుగుతుంది. కార్బన్ డాట్ల తమ్ముళ్ళయితే 2004లో కార్బన్ నానోట్యూబుల (అతి సన్నటి గొట్టాల) మసి కడుగుతుంటే అనుకోకుండా బయటపడ్డారు, తర్వాత్తర్వాత కమలాపండు రసంలోంచి కూడా వండేశారు.

మీ పనితనం మాత్రం అచ్చం మా అరుగే. యాంటీబాడీ, అదే ఒక్క పదార్థాన్నే పట్టుకునే ప్రొటీన్, అంటే తాళంకప్ప, దానికి ఒకటే చెవి. మీలో ఏ చుక్కకీ ఎదుటోడు ఎవడో తెలీదు. ఊళ్ళో కొత్త మనిషి బస్సు దిగితే అరుగు మీద ఒకాయన చెప్పులు చూసి కాకినాడంటాడు, ఇంకొకాయన యాస విని కాదు భీమవరమంటాడు, ఒకడి మొహం మాడిపోద్ది, ఒకడిది వెలిగిపోద్ది, ఏ ఒక్కడి మాటా నమ్మడానికి లేదు గానీ ఎవడెంత మాడాడు ఎవడెంత వెలిగాడు అన్న లెక్క మొత్తం రాసిపెట్టుకుంటే, అదే మనిషి మళ్ళీ దిగినప్పుడు అదే లెక్క వస్తది. మీరూ అంతే కదండి, అల్ట్రావయొలెట్ లైటు కింద వరసగా కూర్చుంటారు, డోపమైనో గ్లూటాథయోనో, అలా ఒంట్లో ఉండే రసాయనం ఏదో వచ్చి తగిలితే ఒకరు ఆరతారు, ఒకరు ఇంకాస్త వెలుగుతారు, ఆ వరసే దాని వేలిముద్ర. శుభ్రమైన బఫర్లో, అంటే పులుపు మారని ల్యాబు నీళ్ళలో, ఒక్కొక్కదాన్నీ విడిగా ఇస్తే గ్రాఫు మీద గుంపులన్నీ విడివిడిగా, సంక్రాంతి ముగ్గులా ఎంత ముచ్చటగా వచ్చేవో! గైడు గారు ప్రింటు తీసి గోడకి అంటించారు.

తర్వాత రక్తం సీరమ్, అంటే గడ్డకట్టిన రక్తం పైన తేలే నీరు, పోశాం.

అబ్బో. అందులో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఉంటదండి, లీటరు సీరమ్‌లో 35 నుంచి 50 గ్రాములు, పెళ్ళి బంతిలో నాలుగు కుర్చీలు ఆక్రమించే చుట్టం లాంటిది, మీ చుక్కలన్నిటికీ తనే వెళ్ళి అతుక్కుంది. ఇంక మీకు డోపమైనూ లేదు, గ్లూటాథయోనూ లేదు, ఏ గిన్నె చూసినా ఒకటే మొహం. పోనీ అని సరుకు మళ్ళీ వండితే మంగళవారం వండిన డాట్లు శుక్రవారం డాట్లలా వెలగవు, అమ్మ పెట్టిన పులుసు కూడా ఇంత మారదండి, దాంతో ఏ వరస ఎవరిదో కంప్యూటరుకి నేర్పే ట్రైనింగు మళ్ళీ మొదట్నించీ.

ఇవన్నీ సర్దుకుపోతాను గానీ, మీకు అసలు చూపించని మాలిక్యూల్ ఓ రోజు సరదాకి ఇచ్చాను. నాకు తెలీదు బాబూ అనొచ్చుగా? అబ్బే. తడుముకోకుండా, ముందు నేర్పిన సిస్టీన్ అనే అమైనో ఆమ్లం పేరు చెప్పేశారు. దారి తెలీకపోయినా ఎడమకెళ్ళి కుడికి తిరగండి ఆయ్ అని పంపించేసే మా సెంటర్లో పెద్దమనిషి గుర్తొచ్చాడు. తెలిసినవాళ్ళలో ఎవడో ఒకణ్ణి అంటగట్టడమే తప్ప, తెలీదు అనే గడి మేం మీకు పెట్టలేదు, తప్పు మాదే అనుకోండి.

వరద నీళ్ళొచ్చి పులసలు ఎక్కే రోజుల్లో ఓసారి రండి. మా నాయనమ్మ పక్కన పీటేస్తాను. ఆవిడకి నానోమీటరంటే తెలీదు, చేప చెవి ఎత్తి వాసన చూసి, పొట్ట నొక్కి, ఇది సముద్రం ఇలసే, పులసంటూ నాకెందుకు అంటగడతావురా అని బుట్టోణ్ణి తిట్టి పంపించేస్తది. బురద నీళ్ళలో పని చేసే ముక్కు ఎలా ఉంటదో చూద్దురు గాని.

ఉంటానండి.
మీ మాజీ నౌకరు

తా.క.: మిమ్మల్ని వెలిగించడానికి కొన్న టార్చి మాత్రం వృథా పోలేదు. మా బాబాయ్ కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కనే ఉంది, 500 నోటు ఎవరిచ్చినా దాని కింద పెట్టి నంబరు మెరుస్తుందో లేదో చూసుకుంటున్నాడు.