సవరణ: ఏవ్‌బరీ చర్చి, పబ్బు, మంగలి అస్థిపంజరం

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఉన్న ఏవ్‌బరీ గ్రామం గురించి క్రితం వారం నేను రాసిన వ్యాసంలో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది స్థలానికి సంబంధించినది. ఆ గ్రామాన్ని చుట్టి ఉన్న చరిత్రపూర్వ కాలపు శిలావలయం (నిలువు రాళ్ల వృత్తం) లోపల సెయింట్ జేమ్స్ చర్చి ఉందని రాశాను. నిజానికి ఆంగ్లో-శాక్సన్ కాలంలో మొదలైన ఆ చర్చి వలయం చుట్టూ ఉన్న కందకానికి, మట్టికట్టకు వెలుపల పడమటి వైపున ఉంది. వలయం లోపల ఉన్నది రెడ్ లయన్ అనే పబ్బు. దేవుడి ఇల్లు బయట, పానశాల లోపల అన్న ఈ అమరిక వింతగా తోచడం వల్లనే కాబోలు, రాసేటప్పుడు రెంటినీ తారుమారు చేశాను.

రెండవది మరింత ముఖ్యమైనది. 1938లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కీలర్ తవ్వకాల్లో ఒక రాతి కింద అస్థిపంజరం, కత్తెర, 14వ శతాబ్దపు తొలినాళ్ల నాణేలు దొరికాయి. ఆ అస్థిపంజరం ఒక మంగలి వైద్యుడిదని (క్షౌరంతో పాటు చిన్న శస్త్రచికిత్సలూ చేసేవాడు), మధ్యయుగంలో వలయపు రాళ్లను పూడ్చిపెట్టే పనిలో అతడు రాతి కింద నలిగి చనిపోయాడని నిర్ధారణగా రాశాను. అది చాలాకాలం ప్రచారంలో ఉన్న కథ మాత్రమే. రెండో ప్రపంచయుద్ధంలో లండన్‌పై జరిగిన బాంబుదాడిలో నాశనమైందనుకున్న ఆ అస్థిపంజరం లండన్‌లో మళ్లీ బయటపడ్డాక జరిపిన పరిశీలనలో, ఎముకలపై అలా నలిగిన ఆనవాళ్లు కనిపించలేదు. అతడు ముందే చనిపోయి, తర్వాత అక్కడ పూడ్చబడి ఉండవచ్చు. కత్తెర వంటి వస్తువులను బట్టి మంగలి వైద్యుడని ఊహించారే తప్ప, అతని వృత్తికి వేరే రుజువు లేదు.

మూల వ్యాసంలో ఈ రెండు భాగాలనూ మార్చాను.