నడుస్తున్న బండికి బ్యాటరీ వైరు తీస్తే ఛార్జింగ్ సంగతి తెలియదు

పాత బైకులు ఉన్నవాళ్ల మధ్య ఒక చిట్కా తెగ తిరుగుతోంది. ఛార్జింగ్ సమస్య వచ్చిన ప్రతివాళ్లకూ ఎవరో ఒకరు దాన్నే పంపుతున్నారు. అందులో ఉన్నది ఇదీ:

"బండి స్టార్ట్ చేసి బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఇంజన్ ఆగకపోతే ఛార్జింగ్ బాగున్నట్టు, ఆగిపోతే మాగ్నెట్ కాయిల్ పోయినట్టు. కాయిల్ బాగుండి కూడా బ్యాటరీ దిగిపోతుంటే కొత్త బ్యాటరీ వేయండి. స్లోలో హెడ్‌లైట్ డల్ అయితే ఆర్‌ఆర్ యూనిట్ మార్చండి. మీటరులో 15, 16 వోల్టులు వస్తే ఛార్జింగ్ సూపర్."

(మాగ్నెట్ అంటే ఇంజన్‌తో పాటు తిరిగి కాయిల్‌లో కరెంటు పుట్టించే భాగం. ఆర్‌ఆర్ యూనిట్ అంటే రెగ్యులేటర్ రెక్టిఫైయర్, ఆ కరెంటును డీసీగా మార్చి వోల్టేజీని అదుపులో ఉంచేది.) ఈ మాటల్లో ఒక్కటీ నిలవదు. మొదటిదైతే బండికే హాని. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

వైరు తీసినా ఇంజన్ ఆగలేదంటే, స్పార్క్‌కు ఆ బ్యాటరీ అవసరం లేదని తెలిసింది. అంతకుమించి ఏమీ తెలియలేదు. ఏసీ సీడీఐ (బ్యాటరీతో పనిలేకుండా కాయిల్ కరెంటుతోనే స్పార్క్ ఇప్పించే ఇగ్నిషన్ యూనిట్) ఉన్న పాత బళ్లలో స్పార్క్ కోసం మాగ్నెట్ లోపలే విడిగా ఒక కాయిల్ ఉంటుంది. ఛార్జింగ్ కాయిల్ మాడిపోయినా, రెక్టిఫైయర్ పూర్తిగా పోయినా ఆ బండి మామూలుగానే నడుస్తుంది. అసలు బ్యాటరీ లేకుండానే కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ కరెంటు మీద ఇగ్నిషన్ నడిచే బళ్లలో ఇందుకు పూర్తి విరుద్ధంగా జరగవచ్చు. ఛార్జింగ్ అన్ని విధాలా బాగున్నా వైరు తీయగానే ఇంజన్ తడబడి ఆగిపోవచ్చు. ఎందుకంటే స్లోలో కాయిల్ ఇచ్చేదే తక్కువ, పైగా రెక్టిఫైయర్ నుంచి వచ్చే ఎగుడుదిగుడు కరెంటును సమం చేసేది బ్యాటరీయే. అంటే పాడైన బండి ఈ పరీక్షలో పాసవుతుంది, బాగున్న బండి ఫెయిలవుతుంది. ఇలాంటి పరీక్షను నమ్మి ఇంజన్ కవర్ విప్పించి మంచి కాయిల్ తీయించేస్తున్నారంటే బాధగా ఉంటుంది.

ఇక హాని సంగతి. ఇంజన్ నడుస్తున్నంతసేపూ కాయిల్ నుంచి వచ్చే కరెంటును బ్యాటరీ తీసుకుంటూ, వోల్టేజీ ఎగిరిపడకుండా పట్టి ఉంచుతుంది. దాన్ని హఠాత్తుగా తప్పిస్తే వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. బల్బులు, సీడీఐ, చివరికి ఆర్‌ఆర్ యూనిట్ కూడా ఆ దెబ్బకు పోవచ్చు. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంటుంది కాబట్టి, వైరు ఊడదీసేటప్పుడు దాని పక్కనే నిప్పురవ్వ పుట్టడం మనిషికి కూడా ప్రమాదమే.

ఇంతా చేసి, కావలసింది ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్. ముందు బ్యాటరీని బయటి ఛార్జర్‌తో ఫుల్‌గా ఎక్కించి, కొన్ని గంటలు వదిలేసి చూడండి. 12.6 నుంచి 12.8 వోల్టులు ఉండాలి. 12.4 అంటే సుమారు ముప్పాతిక ఛార్జ్, 12.0 అంటే దాదాపు ఖాళీ. తర్వాత బ్యాటరీ వైర్లు బిగించి ఉండగానే, టెర్మినళ్ల మీద మీటరు పెట్టి, ఇంజన్‌ను 4,000–5,000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లండి. చాలా బళ్లలో 13.5 నుంచి 14.8 మధ్య కనిపించాలి. 6 వోల్టుల బండి అయితే ఈ అంకెలు సుమారుగా సగం. ఎంత యాక్సిలరేటర్ ఇచ్చినా 13 దాటకపోతే అప్పుడు ఛార్జింగ్‌ను అనుమానించాలి.

కాయిల్ బాగుంటే ఇక బ్యాటరీదే తప్పన్నది రెండో మాట. మధ్యలో ఉన్న వైర్లు, సాకెట్లు, ఎర్త్, ఆర్‌ఆర్ యూనిట్ అన్నీ ఏమైపోయాయి? పాత బళ్లలో ఎక్కువగా ఏడిపించేవి ఇవే. కాయిల్ నుంచి వచ్చే సాకెట్ విప్పి చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, పిన్ను నల్లబడినా అక్కడ కరెంటు వేడిగా మారి వృథా అవుతోందని అర్థం. తర్వాత ఇంజన్ నడుస్తుండగా మీటరు ఒక కొసను ఆర్‌ఆర్ యూనిట్ పాజిటివ్ అవుట్‌పుట్ మీద, రెండోదాన్ని బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టండి. 0.2, 0.3 వోల్టులకు మించి తేడా ఉండకూడదు. ఎర్త్ వైపు కూడా ఇలాగే చూడాలి. తేడా ఎక్కువుంటే, ఆ దారిలో తుప్పు పట్టిన జాయింటో వదులైన బోల్టో ఉన్నట్టే. దాన్ని శుభ్రం చేసి బిగిస్తే చాలాసార్లు కొత్త పార్టు ఏదీ కొనక్కర్లేదు.

కాయిల్‌ను తేల్చడానికీ సరైన పద్ధతి ఉంది. త్రీ ఫేజ్ బండి అయితే ఒకే రంగు వైర్లు మూడు వస్తాయి, చాలావాటిలో పసుపు. ఇంజన్ ఆపి, సాకెట్ విప్పి, రెండేసి వైర్ల మధ్య ఓమ్స్ చూడండి. మూడు జతలూ దాదాపు సమానంగా, సాధారణంగా 1 ఓమ్ లోపే ఉంటాయి. మీటరు వైర్లకే కొంత రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి, ముందు రెండు కొసలూ తాకించి చూసి, ఆ అంకెను తీసేయాలి. మూడింటిలో ఏ వైరుకూ ఇంజన్ బాడీతో కలయిక చూపించకూడదు. తర్వాత మీటరును ఏసీకి మార్చి ఇంజన్ నడపండి. మూడు జతల్లోనూ వోల్టేజీ సమానంగా పెరగాలి. ఎంత రావాలన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. పదుల వోల్టులు వస్తాయి, ఆ పిన్నులను చేత్తో ముట్టుకోకండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పాసై, వేడెక్కాక ఫెయిలయ్యే కాయిల్స్ కూడా ఉంటాయి. అందుకని బండి కాసేపు నడిపొచ్చాక మళ్లీ చూడండి.

నిజంగానే బ్యాటరీ పోయి ఉండవచ్చు, కాదనను. ఊరికే ఉన్నప్పుడు 12.7 చూపించి, సెల్ఫ్ నొక్కగానే 9 దిగువకు పడిపోయే బ్యాటరీకి కాలం తీరినట్టే. కానీ కొత్తది కూడా వారంలో దిగిపోతే? తాళం ఆఫ్ చేసి, నెగటివ్ వైరు తీసి, వైరుకూ టెర్మినల్‌కూ మధ్య ఆమీటర్ పెట్టండి. గడియారం, అలారం లాంటివేవీ లేని పాత బండిలో అది దాదాపు సున్నా చూపించాలి. చూపించకపోతే ఎక్కడో లీకేజీ ఉంది. ఆర్‌ఆర్ యూనిట్ లోపల డయోడ్ షార్ట్ అయినా ఇలా జరుగుతుంది.

హెడ్‌లైట్ సంగతి చిన్నది. చాలా పాత బళ్లలో హెడ్‌లైట్‌కు కరెంటు నేరుగా మాగ్నెట్ నుంచే వెళ్తుంది, బ్యాటరీతో పనే లేదు. ఇంజన్ స్పీడు తగ్గితే వెలుగు తగ్గడం దాని స్వభావం. దానికోసం ఆర్‌ఆర్ యూనిట్ మార్చినా అదే వెలుగు వస్తుంది.

చివరిది 16 వోల్టుల మాట. నేనైతే ఆ అంకె చూస్తే బండి ఇక నడపను. 15 దాటి అలాగే కొనసాగితే బ్యాటరీలో నీళ్లు తగ్గిపోతాయి, ప్లేట్లు దెబ్బతింటాయి. సీల్డ్ బ్యాటరీలో నీళ్లు పోసే వీలు కూడా లేదు. బల్బులు వరసగా మాడిపోతుంటే దానికీ ఇదే కారణం కావచ్చు. ఆర్‌ఆర్ యూనిట్ పోయి ఉండవచ్చు, కానీ కొనే ముందు దాని ఎర్త్ చూడండి. వోల్టేజీని కొలిచే సెన్స్ వైరు విడిగా ఉంటే దాన్నీ చూడండి. ఆ జాయింట్లలో తుప్పు ఉంటే యూనిట్‌కు అసలు కంటే తక్కువ వోల్టేజీ కనిపిస్తుంది, ఛార్జింగ్ చాలడం లేదనుకుని ఇంకా పెంచుతుంది. ఆ తుప్పు అలాగే ఉంచి కొత్త యూనిట్ బిగిస్తే, అది కూడా 16 వోల్టులే పంపుతుంది.