మానవ జన్యురాశికి కోడ్ రివ్యూ

బెంగళూరులో పదేళ్లుగా పక్కవాళ్ల కోడ్‌కి వంకలు పెట్టి జీతం తెచ్చుకుంటున్నవాణ్ణి. ఆ అర్హతతోనే మానవ జన్యురాశిని రివ్యూకి తీసుకున్నాను. ఫలితం: రిజెక్టెడ్.

300 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు. అందులో ప్రొటీన్ల తయారీకి పనికొచ్చేవి రెండు శాతం కూడా లేవు. దాదాపు సగం, ఎగిరే జన్యువులు తమను తామే కాపీ కొట్టుకుంటూ పోగా మిగిలిన సరుకు. ఆలూ అని ఒకటుంది (కూర కాదు). సుమారు 300 అక్షరాల ముక్క, పది లక్షలకు పైగా కాపీలు! మా టీంలో ఏ ఫ్రెషరైనా ఇలా పేస్ట్ చేస్తే మేనేజర్ ముందు నిలబెట్టేవాణ్ణి. 1972లో జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో ‘జంక్ డీఎన్‌ఏ’ (చెత్త డీఎన్‌ఏ) అన్నప్పుడే ఎవరో ఒకరు బగ్ టికెట్ వేయాల్సింది.

మారతహళ్లిలో మా ఇంట్లోనే ఉండి జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న మా బావమరిది అడ్డం పడ్డాడు.

“నీకు తోక లేకపోవడానికి ఆ ఆలూనే కారణం బావా.”

సుమారు రెండున్నర కోట్ల ఏళ్ల కిందట మన వానర పూర్వీకుల్లో ఒక ఆలూ వచ్చి టీబీఎక్స్‌టీ అనే జన్యువులో దూరిందట. దగ్గర్లోనే తిరగబడి ఉన్న ఇంకో పాత ఆలూతో అది జత కడితే, మధ్య భాగం ఉచ్చులా వంగి, జన్యువు సందేశంలో ఒక పేరా ఎగిరిపోతుంది. ఎలుకల్లో ఆ పేరా లేకుండా చేస్తే కొన్ని పొట్టి తోకతో, కొన్ని అసలు తోకే లేకుండా పుట్టాయని 2024లో అచ్చయింది. నేను ఆఫీసు కుర్చీలో ఇబ్బంది లేకుండా కూర్చుంటున్నానంటే, అదంతా ఒక ఫ్రెషర్ పుణ్యం.

వాడు అక్కడితో ఆగలేదు. గర్భసంచి లోపలి పొరలో, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ కబురు అందగానే జన్యువులను నిద్రలేపే స్విచ్చుల్లో కొన్ని ఎంఈఆర్20 అనే ఎగిరే ముక్క కాపీలేనట. మొక్కజొన్న గింజల మీద రంగుమచ్చలు చూసి, ఈ ముక్కలు జన్యువులను అదుపు చేస్తాయని శాస్త్రవేత్త బార్బరా మెక్లింటాక్ ఎప్పుడో చెబితే, నోబెల్ 1983లో ఇచ్చారు. ఇందులో నాకు వింతేమీ లేదు. నా దగ్గరా రివ్యూలు పెండింగ్‌లో ఉంటాయి.

“కానీ చాలా కాపీలు పాడైపోయి ఊరికే పడున్నాయి” అని వాడే ఒప్పుకున్నాడు.

“మరి తీసెయ్!”

“ఏవో నువ్వే చెప్పు బావా.”

ఈ వాదన నాకు నచ్చలేదు. పోయిన నెల ఆఫీసులో ఒకే లైను మూడుచోట్ల కనిపిస్తే రెండు తీసేశాను. రాత్రి రెండున్నరకు ఫోను, ఇన్‌వాయిస్‌లన్నీ సున్నా రూపాయలకు పోతున్నాయని. వెళ్లి చూస్తే పక్కనే పాత కామెంటు, ఇంగ్లిషు అక్షరాల్లో అచ్చ తెలుగు: “ముట్టుకోకు రా బాబూ.”

జన్యురాశిలో అలాంటి కామెంటు ఒక్కటీ లేదు. డాక్యుమెంటేషన్ లేదన్న పాయింటు మీద నా రిజెక్షన్ అలాగే ఉంచాను.