హౌస్‌మన్ పారిస్ అందరిదీ కాదు

ఈమధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ఫ్రెంచ్ చక్రవర్తి మూడో నెపోలియన్ కాలంలో పారిస్ పాలనాధికారి హౌస్‌మన్ మురికివాడలు తీసేసి అందరికీ కొత్త పారిస్ కట్టాడట. ఇళ్లు పోయినవాళ్లకు మంచి పరిహారం దక్కిందట. వెడల్పాటి వీధుల్లో పేదా ధనికా కలిసిపోయారట. పైగా ఆనాటి ఫ్రెంచ్ సాహిత్యమే దీనికి సాక్ష్యమట! ఆ పుస్తకాలు ఇష్టంగా చదివినదాన్ని, ఊరుకోలేకపోతున్నాను.

మురుగు కాలువలు, మంచినీళ్ల సంగతి నిజమే. 1853 నుంచి 1870 దాకా సాగిన ఆ పనుల్లో బెల్‌గ్రాండ్ అనే ఇంజనీరు కట్టిన భూగర్భ కాలువలు గొప్పవి. దాన్ని నేను కాదనను.

పరిహారం మాటకొస్తే, అది ముఖ్యంగా స్థలాల యజమానులకు, లీజులున్న వ్యాపారులకు వెళ్లింది. అద్దె గదుల్లో బతికే కూలీలకు దక్కింది దాదాపు ఏమీ లేదు. కొత్త అద్దెలు భరించలేక వాళ్లు బెల్విల్ లాంటి శివార్లకు పోయారు. ఇక సాక్ష్యం అంటారా, ఎమీల్ జోలా నవల 'లా క్యురే' తెరవండి. వేట ముగిశాక కుక్కలకు పడేసే వాటాను క్యురే అంటారు. ఆ పేరులోనే తీర్పుంది. అందులో సకార్ నగరపాలక కార్యాలయంలో ఉద్యోగి. ఏ వీధి ఎటు వస్తుందో ముందే తెలుసుకుని, ఇళ్లు చవగ్గా కొంటాడు. అద్దె లెక్కలు పెంచి చూపించి పరిహారం దండుకుంటాడు. మోంమార్త్ర్ గుట్ట మీద నుంచి, అరచేతిని కత్తిలా ఆడిస్తూ ఊరిని ఎలా కోస్తారో భార్యకు చూపించే ఘట్టం చదివితే ఒళ్లు జలదరిస్తుంది. 1871లో పత్రికలో సీరియల్‌గా వస్తుంటే ప్రభుత్వ ప్రాసిక్యూటర్ జోక్యంతో మధ్యలోనే ఆగిపోయింది. కారణం మాత్రం అసభ్యంగా ఉందన్న ఆరోపణే.

కలిసిపోయారన్న మాటకు ఆనాటి ఫ్రెంచ్ కవి బోదలేర్ రాసిన చిన్న వచన కవిత ఒక్కటి చాలు. కొత్త బులెవార్డు, అంటే వెడల్పాటి వీధి, మూల మీద మెరిసిపోయే కెఫే. ఎదురుగా రోడ్డు మీద చిరుగు బట్టల తండ్రి, ఇద్దరు పిల్లలు, కళ్లింత చేసుకుని చూస్తుంటారు. కెఫే ముందు కవితో కూర్చున్న ప్రియురాలు వాళ్లను పంపించేయమంటుంది. వీధి ఒకటే అయినా మధ్యలో కనబడని గోడ ఉంది.

జోలాదే మరో నవల 'లసొమ్వార్' (1877)లో చాకలి పని చేసే జెర్వేజ్ కథ ఇంకా బాధ పెడుతుంది. ఆమె వాడ చుట్టూ బులెవార్డులు వెలుస్తాయి, పేట అందంగా మారుతుంది. సరిగ్గా అప్పుడే ఆమె బతుకు కూలిపోతుంది. చివరికి మెట్ల కింద గూట్లో చనిపోతుంది. రెండు రోజుల తర్వాత వరండాలో వాసన వస్తేగాని ఇరుగుపొరుగు ఆమెను తలచుకోలేదు.