పదహారో బిట్టు కోసం నగరాన్ని ఖాళీ చేయించండి

హైదరాబాద్‌లో ఇంత ఘోరం జరుగుతుంటే ప్రభుత్వం ఎందుకు కళ్లు మూసుకుందో అర్థం కాదు. పక్కవాళ్ల నిద్ర చెడకూడదని ఎవరో మర్యాదస్తుడు రాత్రి రిమోట్ నొక్కి పాట తగ్గిస్తాడు. డిజిటల్ వాల్యూమ్ అంకెలను కుదించేస్తుంది. ప్రతి 6 డెసిబెళ్లకూ ఒక బిట్టు, అంటే శబ్దాన్ని కొలిచి రాసుకునే ఆ అంకెల్లో ఒక స్థానం, బలి. 1982లో సీడీ బజారుకొచ్చినప్పుడు 16 బిట్లతో, అతి మెల్లని శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా సుమారు 96 డెసిబెళ్ల విస్తృతితో కళకళలాడిన సంసారం అది. 24 డెసిబెళ్లు తగ్గిస్తే మిగిలేది పన్నెండే. ఏ ఠాణాలోనూ కేసు లేదు.

24 బిట్లలో లెక్క కడితే 48 డెసిబెళ్లు తగ్గించినా అసలు బిట్లకు ఢోకా లేదని ఇంజనీర్లు అంటారు. వాళ్ల మాట వింటే ఇలాంటి వ్యాసాలు రాయలేం. పాట తగ్గినా, అంకెలను శబ్ద సంకేతంగా మార్చే డాక్ చిప్ సొంత రొద తగ్గదు కదా, దాని తర్వాత చేత్తో తిప్పే నాబ్ పెడితే రెండూ కలిసి తగ్గుతాయి కదా అని అనలాగ్ భక్తులు వెంటనే లేస్తారు. ఆ మాట నిజమే.

ఇంతకీ ఆ నాబ్ లోపల ఉండేది నల్లటి కార్బన్ పట్టీ, దాని మీద జరిగే చిన్న లోహపు నాలుక. దుమ్ము పడితే గరగరమంటుంది. దుమ్ముకు మన ఊళ్లో లోటు లేదు. బాగా తగ్గిస్తే కుడి ఎడమ స్పీకర్లకు చెరొకటిగా ఉండే రెండు పట్టీలకూ పొత్తు కుదరక గాయని ఎడమ స్పీకర్లోకి కాపురం మార్చేస్తుంది. కొత్తది కొందామని కోఠీ గుజరాతీ గల్లీకి వెళితే "లాగ్ కావాలా, లీనియరా సార్?" అని అడుగుతారు. చెవికి తగ్గట్టు మెల్లగా పెంచేది లాగ్, తిప్పినంతా సమంగా పెంచేది లీనియర్. తెలియక లీనియర్ తెచ్చి బిగించారా, నాబ్ కాస్త కదలగానే కిటికీ అద్దాలు వణుకుతాయి.

అసలు చిక్కు వేరే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45 డెసిబెళ్లు. నగరం దాన్ని పాటిస్తోందనే అనుకుందాం, ఊహలకు పన్ను లేదు. ఆ రొద మీద 96 డెసిబెళ్లూ వినిపించాలంటే పాట 141కి చేరాలి. 120 దాటాక చెవికి నొప్పే.

చెవులు పోగొట్టుకోలేం కనుక నగరాన్నే తగ్గించాలి. బోరు మోటార్లు, కుక్కర్ విజిళ్లు, పైఅంతస్తు మిక్సీ, నిమజ్జనం ఊరేగింపు, అన్నీ. అయితే ఎలా తగ్గించాలన్న దగ్గర పేచీ మొదలైంది. రిమోట్‌తో తగ్గిస్తే జనాభాలో కొందరు లెక్కలోంచి మాయమవుతారట. నాబ్‌తో తగ్గిస్తే మూసీకి ఇవతల నిశ్శబ్దం, అవతల యథాప్రకారం బ్యాండు మేళం.