ఇసుక బస్తాల శాస్త్రం

ఫార్ములా వన్ సీజన్ మార్చిలో మొదలవుతుందని క్యాలెండర్లు ముద్రించేవారు అనుకుంటారు. అభిమానుల లెక్కలో అది ఫిబ్రవరిలోనే, బహ్రెయిన్ ఎడారిలోని సాఖిర్ ట్రాక్ మీద మొదలై, కొద్ది రోజుల్లోనే దాదాపు ముగిసిపోతుంది. కొత్త కార్లను నడిపి చూసుకునే ఆ టెస్టింగ్‌కు పాయింట్లు లేవు, కప్పులు లేవు, గెలిచినవాడు లేడు, ఓడినవాడు లేడు. ఏడాది మొత్తంలో అంత హోరాహోరీగా పోటీ జరిగే రోజులు మరి లేకపోవడానికి కారణం అదే. అక్కడ ఉదయం పదింటికి ట్రాక్ తెరిస్తే మనకు మధ్యాహ్నం 12.30 అవుతుంది కనుక, హైదరాబాదు ఆఫీసుల్లో ఎందరో యువకులు ఒక చేత్తో భోజనం డబ్బా, మరో చేత్తో ఫోను పట్టుకుని, అప్పటికి రెండే రెండు చుట్లు తిరిగిన ఒక కారు డిసెంబరులో ఛాంపియన్ అవుతుందా కాదా అన్న విషయాన్ని తేల్చే పనిలో మునిగి ఉంటారు. ఈ శ్రమను చిన్నచూపు చూసేవారు మన మధ్య ఉన్నారు. వారి అపోహను తొలగించి, ఈ విద్యకు శాస్త్రం అనిపించుకోదగిన అర్హతలన్నీ ఉన్నాయని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రం అన్నాక ముందు కొలత ఉండాలి. టెస్టింగ్‌లో కొలతకు లోటు లేదు. అక్కడి గడియారం సెకనులో వెయ్యో వంతు దాకా చూపిస్తుంది. ఆ గడియారం దేన్ని కొలుస్తున్నదన్న విషయమే కాస్త క్లిష్టమైనది. కారులో పది కిలోల ఇంధనం ఎక్కువగా ఉంటే ల్యాపుకు, అంటే ట్రాకు చుట్టూ ఒక్క చుట్టుకు, సుమారు 0.3 సెకన్లు నష్టమని ఇంజనీర్లు చెప్పే లెక్క. అంటే అన్ని విధాలా సమానమైన రెండు కార్లలో ఒకటి దాదాపు ఖాళీ ట్యాంకుతోనూ, మరొకటి వంద కిలోల ఇంధనంతోనూ బయలుదేరితే, వాటి మధ్య మూడు సెకన్ల తేడా ఉన్నట్లు తెర మీద కనిపిస్తుంది. ఈ మధ్య కాలంలో చాలా ట్రాకుల మీద మొదటి కారుకూ చిట్టచివరి కారుకూ ఉండే అసలు తేడా అందులో సగం. ఎవరు ఎంత ఇంధనం పోసుకున్నారో ఏ జట్టూ చెప్పదు. ఇంజనును పూర్తి శక్తితో నడిపారో, పొదుపుగా నడిపారో చెప్పదు. పొద్దుటి పూట ఎండలో కాలిపోతున్న ట్రాకుకూ, సాయంత్రం దీపాల కింద చల్లబడిన ట్రాకుకూ పోలిక లేదు. క్లుప్తంగా చెప్పాలంటే, ఇది కట్టెల అడితిలోని కాటా మీద ముక్కుపుడకను తూచే పని. సామాన్యుడైతే ఇక్కడే నిరాశపడి లేచిపోతాడు. మన శాస్త్రజ్ఞుడికి ఇక్కడే ఉత్సాహం పుడుతుంది, ఎందుకంటే కాటాలో తప్పు ఎంతో ఎవరికీ తెలియనప్పుడు, దాన్ని తన ఇష్టం వచ్చినంత తీసివేసుకునే స్వేచ్ఛ తూచేవాడికి ఉంటుంది.

ఇక ప్రమాణాల సంగతి. కొండ మీద పొగ ఉంది కనుక నిప్పు ఉందని మన పాత తార్కికులు నిర్ణయించారు. చెరువులో పొగ లేదు కనుక నిప్పు లేదని అక్కడితో సరిపెట్టుకున్నారు. టెస్టింగ్ తార్కికుడు వారికంటే ఒక మెట్టు పైకి ఎక్కాడు. చెరువులో పొగ లేదంటే, నిప్పును నీటి అడుగున దాచారని అతడికి తెలుసు. ఒక జట్టు వేగంగా తిరిగితే, స్పాన్సర్ల కళ్లలో పడడానికి ట్యాంకు ఖాళీ చేసుకుని తిరిగినట్లు. నెమ్మదిగా తిరిగితే శాండ్‌బ్యాగింగ్ చేసినట్లు, అంటే కారులో ఇసుక బస్తాలు వేసుకున్నంత భారంగా నటిస్తూ అసలు వేగాన్ని దాచినట్లు. (ఈ పరీక్షలను స్పెయిన్ నుంచి ఎడారి దేశానికి మార్చడం వల్ల ఇసుకకు కొదవ లేకుండా పోయిందని ఈ సందర్భంగా గమనించాలి.) కారు గ్యారేజీలోంచి బయటికే రాకపోతే, అది ఇప్పుడే చూపించడానికి వీల్లేనంత గొప్ప కారు. వీటిలో ఏ సూత్రం ఏ జట్టుకు వర్తిస్తుందన్నది తార్కికుడు పెట్టుకున్న టోపీ రంగును బట్టి నిర్ణయమవుతుంది.

ఈ శాస్త్రానికి పునాది రాయి 2001లో పడింది. ఆ ఏడాది శీతాకాలపు పరీక్షల్లో అలాన్ ప్రోస్ట్ జట్టు కారు, జాన్ అలెసీ చేతుల్లో, అందరినీ ఆశ్చర్యపరిచే వేగం చూపించింది. తీరా సీజన్ మొత్తంలో ఆ జట్టుకు దక్కినవి 4 పాయింట్లు. 2002 జనవరికల్లా దుకాణం మూసేశారు. ఖాళీ చొక్కాతో, అంటే స్పాన్సర్ల పేర్లు లేని కారుతో వేగంగా తిరిగేవాడిని నమ్మకూడదన్న మొదటి సూత్రం అలా స్థిరపడింది. 2009 మార్చిలో ఆ సూత్రాన్ని ప్రయోగించే మహదవకాశం వచ్చింది. అంతకుముందు ఏడాది 14 పాయింట్లతో తొమ్మిదో స్థానంలో నిలిచిన హోండా జట్టు క్రీడ నుంచే తప్పుకోగా, దాని అవశేషాలతో రాస్ బ్రాన్ నిలబెట్టిన కొత్త జట్టు, దాదాపు తెల్లగా ఉన్న కారును బార్సిలోనాకు తెచ్చి, మిగిలినవారిని వెనక్కి నెట్టేసింది. శాస్త్రం తెలిసినవారు చిరునవ్వు నవ్వారు. కారు బరువు తగ్గించి తిప్పుతున్నారన్నారు, స్పాన్సర్ల కోసం పాట్లన్నారు, ప్రోస్ట్ సంగతి గుర్తు లేదా అన్నారు. సీజన్ మొదటి రేసు జరిగిన మెల్‌బోర్న్‌లో ఆ జట్టు మొదటి రెండు స్థానాలూ తీసుకుంది. అంతకుముందు ఏడాదంతా కష్టపడి 3 పాయింట్లు సంపాదించిన జెన్సన్ బటన్, మొదటి ఏడు రేసుల్లో ఆరు గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. దీనివల్ల సూత్రానికి ఏ లోటూ రాలేదు. వేగంగా తిరిగే జట్టు నిజంగానే వేగంగా ఉండే అవకాశం కూడా ఉన్నదని ఒక ఉపసూత్రం చేర్చుకున్నారు, అంతే. అప్పటి నుంచి ఈ శాస్త్రం అన్ని వైపులా పూర్ణమైంది.

ఆ పూర్ణత్వానికి 2019లో మరో పరీక్ష ఎదురైంది. బార్సిలోనాలో చివరి లెక్క చూస్తే ఫెరారీలో వెటెల్ 1:16.221, మెర్సెడెస్‌లో హామిల్టన్ 1:16.224. తేడా 0.003 సెకన్లు, మనిషి కనురెప్ప వేయడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఫెరారీయే ముందున్నదని పండితులు అన్నారు, హామిల్టన్ కూడా అన్నాడు. మెల్‌బోర్న్‌లో మెర్సెడెస్ రెండో డ్రైవరు బొట్టాస్ గెలిచాడు, హామిల్టన్ రెండోవాడు, వెటెల్ 57 సెకన్ల వెనక నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ ఏడాది మొదటి ఎనిమిది రేసులూ మెర్సెడెస్‌వే. ఈ అనుభవంతో పండితలోకం ఒక గట్టి నిర్ణయానికి వచ్చింది: మెర్సెడెస్ వారు తమ కారు బాగాలేదని చెబితే ఇక జన్మలో నమ్మకూడదు.

ఆ నిర్ణయం పర్యవసానాన్ని నేను స్వయంగా అనుభవించాను. 2022లో నిబంధనలు మారాయి, కార్లు నేరు దారుల్లో గుంతల రోడ్డు మీది ఆటోల్లా ఎగిరెగిరి పడసాగాయి. పక్క భాగాలను దాదాపు లేనట్లుగా చెక్కేసిన కారుతో బహ్రెయిన్ వచ్చిన మెర్సెడెస్ వారు, ఈసారి తాము గెలిచే స్థితిలో లేమని వినయంగా విన్నవించుకున్నారు. నాన్నా పులి కథలో పిల్లవాడు చివరిసారి అరిచినప్పుడు ఊరివాళ్లకు ఎలా అనిపించిందో మాకు సరిగ్గా అలాగే అనిపించింది. వారు దాస్తున్నారని నేను ఒక మిత్రుడితో బిర్యానీ పందెం కాశాను. మొదటి రేసులో బయటపెడతారనుకున్నాను. తరవాత ఐరోపా రేసులు వచ్చేదాకా ఆగుతున్నారని అర్థం చేసుకున్నాను. వేసవి విరామంలో, ఇంతకాలం ఇంత నిష్ఠగా దాచగలిగిన జట్టు చరిత్రలో మరొకటి లేదని మిత్రుడితో వాదించాను. చివరికి నవంబరులో, 22 రేసుల్లో 21వదైన బ్రెజిల్‌లో, మెర్సెడెస్ డ్రైవరు రస్సెల్ ఒక్కటి గెలిచాడు. దాచినది బయటపడిందా లేదా అన్న విషయం మీద మా ఇద్దరికీ ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు కనుక ఆ బిర్యానీ బాకీ అలాగే ఉంది.

గడియారాన్ని పక్కన పెట్టినా ఈ శాస్త్రానికి ఆధారాలు తక్కువేమీ కావు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరులకు వెళ్లేవారి దగ్గర కుక్కుట శాస్త్రం ఉంటుంది. ఏ రోజున, ఏ నక్షత్రంలో, ఏ దిక్కు నుంచి వదిలితే డేగ కాకిని కొడుతుందో, నెమలి డేగను కొడుతుందో అందులో రాసి ఉంటుంది. దాన్ని చదివినవాడు పందెం ఓడిపోతే శాస్త్రాన్ని తప్పుపట్టడు. జాము మారేదాకా ఆగకుండా పుంజును దింపిన తొందరపాటును తప్పుపడతాడు. మన టెస్టింగ్ పండితుడు ఆ కోవలోవాడే, సాధనాలు మాత్రం వేరు. రెక్క వెనక గాలి నడకను చూడడానికి ఇంజనీర్లు కారుకు పూసే ఆకుపచ్చ రంగు ఎటు పారిందో చూసి అతడు జట్టు జాతకం చెబుతాడు. గాలిని కొలవడానికి చక్రాల పక్కన బిగించే ఇనుప జల్లెడ లాంటి చట్రం మూడో రోజున కూడా కనిపిస్తే, అది ఆందోళనకు గుర్తో, ఆత్మవిశ్వాసానికి గుర్తో చెబుతాడు. డ్రైవరు హెల్మెట్ తీశాక పెదవి ఎంత వంకర తిరిగిందో కొలుస్తాడు. కారు బాగుంది, ఇంకా చేయవలసింది చాలా ఉంది అని పదకొండు జట్లవారూ ఒకే మాట చెబితే, ఆ ఒక్క మాటకు పదకొండు అర్థాలు తీస్తాడు. ప్రకృతి కూడా అప్పుడప్పుడు ఈ పరిశోధనకు అడ్డుపడుతూ ఉంటుంది. 2018లో బార్సిలోనాలో మంచు కురిసి ఒక రోజు దాదాపుగా పోయింది. 2024లో ట్రాక్ మీది డ్రైనేజీ మూత ఊడి ఫెరారీ డ్రైవరు లెక్లెర్ కారుకు తగిలింది. 2025లో ఎడారిలో చినుకులు పడ్డాయి, ఆపైన కరెంటు కూడా పోయింది. కరెంటు కోతల మధ్య పరీక్షలకు చదివి పైకి వచ్చిన మన తరానికి ఆ చివరిది మాత్రం ఎంతో ఆత్మీయంగా తోచింది.

మా మేనల్లుడు ఫెరారీ భక్తుడు. ఫెరారీకి చివరిసారి డ్రైవర్ల ఛాంపియన్‌షిప్ వచ్చిన 2007లో వాడు పలక పట్టుకుని బడికి వెళుతున్నాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ప్రతి ఫిబ్రవరిలో మూడు రోజులు సెలవు పెట్టి, వరుసగా తిరిగిన ల్యాపులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి, ఇంధనాన్ని తీసివేసి, టైర్ల అరుగుదలను కలిపి, గాలిని సవరించి ఒక గీత గీస్తాడు. ఆ గీత ఏ ఏడాదైనా ఫెరారీ దగ్గరికే వెళ్లి ఆగుతుంది. 2025లో హామిల్టన్ ఫెరారీ వారి ఎర్ర చొక్కా వేసుకున్నాడు కనుక గీత మరింత నిటారుగా లేచింది.

“నిరుడు కూడా ఇలాగే వచ్చింది కదరా?” అన్నాను.

“మామయ్యా, నిరుటి లెక్కలో గాలి దిశ కలపలేదు” అన్నాడు వాడు, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

ఇంత పటిష్ఠమైన శాస్త్రానికి ఉన్న శత్రువు ఒక్కటే, అది మొదటి రేసు. నిర్వాహకుల మీద నాకున్న ప్రధానమైన ఫిర్యాదు కూడా ఇదే. 2024లో టెస్టింగ్ ఫిబ్రవరి 23న ముగిస్తే, మార్చి 2కల్లా అదే బహ్రెయిన్‌లో రేసు పెట్టి, సిద్ధాంతాలు ఇంకా పచ్చిగా ఉండగానే వెర్‌స్టాపెన్ చేత గెలిపించారు. వారం వ్యవధిలో ఏ శాస్త్రం పరిపక్వమవుతుంది? 2025లో కొంత దయ చూపి, ఫిబ్రవరి 28 నుంచి మార్చి 16 దాకా గడువు ఇచ్చారు. ఆ రెండు వారాల్లో జరిగినంత ఫలవంతమైన చర్చ నేను చూడలేదు. ఆ ఏడాది మూడు రోజుల టెస్టింగ్‌లో అందరికంటే వేగంగా తిరిగినవాడు విలియమ్స్ జట్టులోని సైంజ్, 1:29.348. వెనుకే, 0.031 సెకన్ల తేడాతో, హామిల్టన్. అప్పుడు మెల్‌బోర్న్ వచ్చింది. సైంజ్ మొదటి ల్యాపులోనే, అదీ ప్రమాదం జరిగినప్పుడు అందరినీ నెమ్మదింపజేసే సేఫ్టీ కారు వెనక వెళుతూ, గోడకు గుద్దాడు. ఫెరారీలు రెండూ ఎనిమిదో స్థానంలోనూ, పదో స్థానంలోనూ వచ్చాయి. మేనల్లుడికి ఫోను చేశాను. వానలో లెక్క వేరని చెప్పాడు. ఆ తరవాత ఎండలో కూడా ఫెరారీ ఏడాది పొడుగునా ఒక్క గ్రాండ్ ప్రి గెలవలేదు. దానికి వాడి దగ్గర వేరే ఎక్సెల్ ఉంది.

రేసును ఏకంగా రద్దు చేయమని అడిగేంత ధైర్యం నాకు లేదు, ఎందుకంటే టికెట్లు కొన్నవారు ఉంటారు. అయితే అటువైపు మొదటి అడుగు పడినట్లే కనిపిస్తున్నది. 2026లో ఇంజను శక్తిలో దాదాపు సగం విద్యుత్తు నుంచి వచ్చేలా నిబంధనలన్నీ మార్చి, జనవరి చివర బార్సిలోనాలో ఐదు రోజుల తొలి పరీక్ష పెట్టారు. ఒక్కో జట్టు అందులో మూడు రోజులే తిరగాలి. ప్రేక్షకులకు ప్రవేశం లేదు, పాత్రికేయులకు ప్రవేశం లేదు, తెర మీద గడియారం లేదు. ఇన్నేళ్లుగా ఈ శాస్త్రాన్ని ఇబ్బంది పెడుతూ వచ్చిన సాక్ష్యాధారాలను ఒక్క దెబ్బతో తొలగించారన్నమాట. కొలత లేకపోతే చర్చ ఆగిపోతుందని కొందరు అమాయకులు భావించారు. ఆ వారంలో ఒక రాత్రి పదకొండు దాటాక మేనల్లుడు నాకు ఫోను చేశాడు. ఎక్కడి నుంచో తెచ్చిన నాలుగు సెకన్ల శబ్దం వినిపించాడు. చెట్ల వెనక ఏదో కారు దూరంగా వెళుతున్నది.

“విన్నావా మామయ్యా?”

“విన్నానురా. ఏ జట్టు కారది?”

“అది తెలియదు. ఎవరిదైనా కానీ, వేగం మాత్రం బాగా దాస్తున్నారు.”